చెంప లోపలి గీత

నాకు అన్నిటికంటే ఎక్కువ భయం ఒకటే: మా నాన్న నోరు మూసుకుపోయినట్టే నా నోరూ మూసుకుపోయి, నా కూతురు పింకికి అమ్మ ముఖం గుర్తుండే వయసు రాకముందే నేను చచ్చిపోతానని. పామన్నా భయమే, అత్తమ్మ గొంతు పెరిగినా భయమే. అవి వచ్చి పోతాయి. ఇది మాత్రం పొద్దున నాకంటే ముందే లేచి కూర్చునేది.

మొన్నటి శ్రమదినాల్లో మొదలైంది ఇదంతా. ఈస్టర్‌కు ముందు నలభై రోజులు మేము ఉపవాసాలు, ప్రార్థనలు చేసుకుంటాం, వాటినే శ్రమదినాలంటాం. మొదటి వారంలోనే ఒక పొద్దున జొన్నరొట్టె తుంచి నోట్లో పెట్టుకోబోతే కుడి దవడ దగ్గర టక్కుమంది. నోరు సగం తెరుచుకుని ఆగిపోయింది. ముక్క చేతిలోనే ఉంది. ఎదురుగా పింకి నన్ను చూసి, ఆట అనుకుని తనూ నోరు సగం తెరిచి కూర్చుంది.

నేను నవ్వలేదు. లోపలికి పోయి బీరువా అద్దం ముందు నిలబడి మూడు వేళ్ళు కలిపి నోట్లో నిలువుగా పెట్టి చూసుకున్నాను. రెండు పట్టాయి. మూడోది పెట్టబోతే చెవిలోంచి కణత దాకా సూది దిగినట్టయింది.

ఆ మూడు వేళ్ళ కొలత నాకు మా నాన్న దగ్గర తెలిసింది. ఆయన పేరు అబ్బయ్య, కన్నడ రాష్ట్రం అంచున ఉన్న చిట్గుప్పలో మేస్త్రీ. పని మీద ఉన్నంతసేపూ చెంపలో గుట్కా ఉండేది. దవాఖానకు పోయిన ప్రతిసారీ డాక్టరు వేళ్ళు పెట్టమనేవాడు, పోయిన ప్రతిసారీ ఒక వేలు తగ్గేది. చివరికి గొట్టంతో గంజి. ఆ గంజి వడకట్టడానికే నేను తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేశాను. ఆయన నోటి జబ్బు ఎట్లా మొదలైందో నేను చూడలేదు. నేను చూసింది గంజి రోజులే.

నేను జన్మలో గుట్కా ముట్టలేదు. కానీ పింకి పుట్టినప్పుడు మా అత్తమ్మ హేబ్సిబా నాకు పూటపూటకూ తమలపాకులో సున్నం రాసి, పోకచెక్కలు దండిగా పెట్టి నమిలించింది. బాలింత పండ్లు గట్టిపడాలె, తిన్నది అరగాలె అని. పోక కూడా నోటికి చెడ్డదేనని మా నాన్న పక్క మంచం మీది మనిషికి డాక్టరు చెబుతుంటే విన్నాను. అది నాలో ఉండిపోయింది.

అప్పటినుంచి గిన్నెలు తోముతూ ఒకసారి, బట్టలారేస్తూ ఒకసారి, పింకి కునుకు తీయగానే ఒకసారి వేళ్ళు పెట్టి చూసుకోవడమే నా పని. ఫోను లైటు వేసి చెంప లాగి చూస్తే లోపల పొడుగ్గా ఒక తెల్ల గీత. నాన్నకు కూడా తెల్లగానే వచ్చిందని మా అమ్మ చెప్పేది. ఎవరికీ చెప్పలేదు.

మా ఆయన సిలాసు హైదరాబాదు రోడ్డు మీది మన్నాఏఖేళ్ళిలో లారీల టైర్ల దుకాణంలో పనిచేస్తాడు. పొద్దున బస్సుకు పోయి సాయంత్రానికి వస్తాడు. ఏటా శ్రమదినాలు రాగానే ఆయన గుట్కా మానేస్తాడు. నలభై రోజులు ముట్టడు, అది నిజం. ఈస్టర్ రోజు ఆరాధన అయ్యాక బిర్యానీ తిని, వాకిట్లో నిలబడి, రెండు పొట్లాలు చింపి అరచేతిలో కలుపుకుంటాడు, అదీ నిజమే. మా పేటలో ఇట్లాంటి మగవాళ్ళు ఇంకా ఉన్నారు. దేవుడికి ఇచ్చిన మాట నలభై రోజులదే కదా అంటారు.

ఈసారి ఆయన కారం కూడా విడిచిపెట్టాడు.

"కూర జర సప్పగ చెయ్యమంటిని గదనే," అన్నాడు ఒక సాయంత్రం, కంచం ముందు.

"రెండే మిరపకాయలు ఏసిన."

"ఆ రెండు మాత్రం ఎందుకు? ఇట్ల తే, పెరుగు పొయ్యి."

అత్తమ్మ ముఖం వెలిగిపోయింది. "సూసినవా లీయా? శ్రమదినాలల్ల నా కొడుకు నాలికను సంపుకుంటుండు. నువ్వేమో మిరపకాయల లెక్క చెప్తున్నవ్."

"నేనేమన్న అత్తమ్మా?"

"అనుడెందుకు? నీ ముఖం సూస్తె తెలుస్తలేదా? వారం దినాలసంది మూతి ముడుచుకొని తిరుగుతున్నవ్."

మూతి ముడుచుకోలేదు. పళ్ళు కదిపితే నొప్పి. ఆ మాట ఎట్లా చెప్పాలి? నొప్పి అంటే ఎక్కడ అంటారు, ఎక్కడ అంటే దవడ అంటాను, దవడ అంటే అందరూ మా నాన్నను తలుచుకుంటారు. కాబట్టి మజ్జిగలో అన్నం మెత్తగా పిసికి పింకికి పెడుతున్నట్టు పెడుతూ అందులోంచే నేనూ రెండు ముద్దలు మింగేదాన్ని.

ఆ బుధవారం కూటపు ప్రార్థన మా ఇంట్లో పెట్టుకున్నాం. పేటలో ఆడవాళ్ళంతా వచ్చారు. పాటలు ఎత్తుకునేది ఎప్పుడూ మా ఎదురింటి శాలిని అక్క. ఆమె కళ్ళు మూసుకుని పాడుతుంది గానీ ఎవరు పాడుతున్నారో ఎవరు పాడట్లేదో ఆమెకు తెలుస్తుంది. పాట ఆగగానే నా వైపు తిరిగింది.

"ఏం లీయా, పెదిమెలే కదుల్తున్నయి, పాట వస్తలేదు. నోట్ల బెల్లంగడ్డ పెట్టుకున్నవా ఏంది?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వబోతే మళ్ళీ టక్కుమంది. చెంప మీద చెయ్యి పెట్టుకుని పింకిని ఒళ్ళోకి లాక్కున్నాను.

తర్వాత దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పడానికి మా ఆయన లేచాడు. "దేవుని కృపతోని ఈ దినాలల్ల పొట్లం ముట్టలేదు. కారం గూడ బంద్ చేసిన. ఉప్పుకారాలు లేకున్న బతుకొచ్చని తెలిసింది."

"హల్లెలూయా," అంది అత్తమ్మ, అందరికంటే గట్టిగా.

"మంచిదే సిలాసూ," అంది శాలిని అక్క. "ఈస్టర్ దాటినంక గూడ దేవుడుంటడు, జర యాదికుంచుకో."

ఇల్లంతా ఘొల్లుమంది. మా ఆయనా నవ్వాడు, చేతిని నోటికి అడ్డం పెట్టుకుని. ఈమధ్య అట్లాగే నవ్వుతున్నాడు. గుట్కా గార పళ్ళు కనబడతాయని సిగ్గు కాబోలు అనుకున్నాను. అసలు ఆ రోజుల్లో నేను ఎవరి నోరూ చూడలేదు, నా నోరు తప్ప.

ఎండలు ముదిరాయి. పొద్దున లేచేసరికి దవడ రాయిలా ఉండేది. కణతలు పీకేవి, చెవిలో హోరు. నేను చెవి పట్టుకోవడం చూసి, చెవి దవాఖానకు పోదామా అని మా ఆయన అడిగితే వద్దన్నాను. ఒకరోజు మధ్యాహ్నం బీరువా అద్దం ముందు ఫోను లైటు వేసుకుని చెంప లాగి చూసుకుంటుంటే వెనక అత్తమ్మ.

"ఏం జూస్తున్నవే పట్టపగలు లైటు పెట్టుకొని?"

"ఏం లేదు."

"ఏం లేకుంటె ఫోను ఎనక ఎందుకు దాస్తున్నవ్?"

అన్ని రోజులు బిగపట్టుకున్నది ఒక్కసారి ఊడిపడింది. "మీరు పెట్టిన పోకచెక్కలే అత్తమ్మా! బాలింతనని పూటకింత కుక్కితిరి. మా నాయన లెక్కనే నా నోరు బందయితాంది. మీ కొడుక్కు ఇంకో పెండ్లి చేయుండ్రి, నా బిడ్డను మాత్రం మా అమ్మకియ్యండ్రి."

ఆమె నడుము మీద చేతులు పెట్టుకుంది. "నువ్వొక్కదానివే తిన్నవా పోకలు? నేను అయిదుగురికి తిన్న. మా అమ్మ పదకొండుగురికి తిన్నది, డెబ్బయేండ్లకు గూడ శెనగలు కటకట నమిలేది." "తెరువు, సూద్దాం."

నేను వీలైనంత తెరిచాను. ఆమె నా గదవ పట్టుకుని కిటికీ వెలుతురుకు తిప్పి చూసింది. చూస్తూ చూస్తూ ఆమె చెయ్యి చల్లబడింది. నాకు తెలిసింది.

"తెల్లగ ఉన్నది గద?" అన్నాను.

వంటింట్లోకి పోయి పెనం మీద రాళ్ళుప్పు వేయించి గుడ్డలో మూట కట్టి తెచ్చింది. నన్ను పడుకోబెట్టి తల ఒళ్ళో పెట్టుకుని చెంపకు కాపడం పెట్టింది. ఆమె ఒళ్ళో తల పెట్టడం అదే మొదలు. వెచ్చదనానికి దవడ కొద్దిగా వదులైంది. దాంతోపాటే ఏడుపు.

"రేపు దవాఖానకు పోవాలె," అంది.

"పోను అత్తమ్మా. పోతె చెప్తరు. చెప్తె నిజమైతది."

"చెప్పకుంటె అబద్ధమైతదా?"

మరునాడు మా ఆయన పనికి పోలేదు. పింకిని అత్తమ్మకు అప్పగించి ఇద్దరం ఆటోలో పళ్ళ దవాఖానకు పోయాం. దారంతా ఆయన నన్ను నవ్వించాలని చూశాడు. "నీ నోరు బందైతె మంచిదే గదనే, ఇల్లు జర ఆరామ్‌గుంటది," అన్నాడు. నేను నవ్వకపోయేసరికి నా చెయ్యి పట్టుకున్నాడు. ఆయన చెయ్యి తడిగా ఉంది.

డాక్టరమ్మ చిన్న వయసుదే. "బాయి తెగీరి," అని కన్నడంలో మొదలుపెట్టి, నా ముఖం చూసి తెలుగులోకి దిగింది. "నోరు తెరువమ్మా. ఎంతొస్తే అంతే. బలవంతం వద్దు."

నేను కళ్ళు మూసుకున్నాను. ఆమె చెంపలు లోపలా బయటా తడిమింది. పళ్ళు కొరికి పట్టమంది. దవడ మూల దగ్గర కండ ఉబికింది కాబోలు, దాని మీద వేలితో నొక్కింది. నొప్పి కణతలోకి, చెవిలోకి మెరుపులా పోయింది.

"ఇదేనా మీ నొప్పి?"

"ఇదే," అన్నాను. "క్యాన్సరా మేడం?"

"కాదు."

అంత తొందరగా చెప్పేసరికి నమ్మలేదు. "తెల్ల గీత ఉన్నది గద లోపల?"

"అది మీ పళ్ళ గుర్తు. పై పళ్ళు, కింది పళ్ళు కలిసేచోట చెంప నలిగి నలిగి అట్లా గీత పడింది. నాలుక చాపండి." చిన్న అద్దం నా చేతికిచ్చి చూపించింది. నాలుక అంచంతా కజ్జికాయ అంచులా నొక్కులు నొక్కులుగా ఉంది. "రేయింబవళ్ళు పళ్ళు బిగబట్టి ఉంటున్నారు. ఈ కండకు ఒక్క గడియ విశ్రాంతి లేదు. రోజంతా బిందె దించకుండా మోస్తే భుజం ఏమైతది? ఇదీ అంతే. నిద్ర పడుతుందా?"

"లేదు మేడం."

"ఎందుకు?"

ఎందుకో ఎవరూ అడగలేదు అంతవరకు. క్రిస్మస్ వారంలో పింకికి జ్వరం తలకెక్కింది. ఒళ్ళు కట్టెలా బిగిసి, కళ్ళు పైకి పోయి, పళ్ళు గిట్టకరుచుకుపోయాయి. అత్తమ్మ చెంచా పెట్టి విప్పబోయింది. అట్లా పెట్టకూడదని తర్వాత పిల్లల డాక్టరు కోప్పడ్డాడు. జ్వరానికి కొందరు పిల్లలకు వస్తుంది, పెద్దయ్యాక పోతుందన్నాడు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. నేను మాత్రం ఆ రోజు నుంచి పింకి పక్కన పడుకుని దాని ఊపిరి వింటూనే ఉన్నాను. ఇవన్నీ ముక్కలు ముక్కలుగా చెప్పాను. మా ఆయన గోడవైపు చూస్తూ విన్నాడు.

"పాప పళ్ళు బిగబట్టింది ఆ ఒక్కసారే," అంది డాక్టరమ్మ. "మీరు అప్పటినుంచి వదల్లేదు."

"అంటే ఉత్త భయమేనా? నొప్పి అబద్ధమా?"

"అబద్ధమెందుకైతది? కండ వాచింది, నేనే తడిమిన కదా. భయం దాన్ని వదలనిస్తలేదు. రెండిటినీ చూసుకోవాలె." పెదవులు కలిసి ఉన్నా పళ్ళు కలవకుండా చూసుకోమంది. మెత్తటి తిండి, రెండు పక్కలా నమలడం, ఉప్పు కాపడం. ఆకూ పోకా వద్దు. కొన్ని రాత్రులు పాపను అత్తమ్మ పక్కన పడుకోబెట్టమంది. మాత్రలు రాసింది. రాస్తూ నా చేతివైపు చూసి, "ఈ వేళ్ళు నోట్లో పెట్టి చూసుకోవడం కూడా ఆపాలి," అంది.

"మీకెట్ల తెలుసు?"

"వేళ్ళ మీద పళ్ళ గాట్లున్నాయి. చాచిన కొద్దీ ఆ కండ ఇంకా బిగుస్తది. నొప్పి తగ్గినంక మీకూ మూడు వేళ్ళు పడతాయి, అందరికీ పడతాయి." నాకు ధైర్యం చెప్పాలని ఆమె మా ఆయన వైపు తిరిగింది. "అన్నా, మీ మూడు వేళ్ళు పెట్టి చూపించండి ఈమెకు."

ఆ క్షణం నాకు ఎంత తేలిగ్గా ఉందంటే, దవాఖాన వాసన కూడా మంచిగా అనిపించింది. నేను చావను. పింకి నన్ను చూస్తూ పెరుగుతుంది. గ్లాసెడు నీళ్ళు తాగినంతసేపు ఉండి ఉంటుంది ఆ హాయి.

"నాకెందుకు మేడం?" అన్నాడు మా ఆయన, నవ్వుతూ, చెయ్యి అడ్డం పెట్టుకుని.

"పెట్టండి అన్నా, సిగ్గెందుకు?"

పెట్టాడు. రెండో వేలు పళ్ళకు తగిలి ఆగింది. తల పక్కకు వంచి మళ్ళీ చూశాడు. "టైర్లు ఊడదీసే వేళ్ళు మేడం, జర లావు," అన్నాడు.

డాక్టరమ్మ నవ్వలేదు. చేతి తొడుగులు తీసేసి కొత్తవి వేసుకుంది. "ఒకసారి ఇట్లా కూర్చోండి," అంది.

నేను కుర్చీ దిగాను. ఆయన ఎక్కాడు.

లైటు ఆయన ముఖం మీదికి తిప్పింది. చెంపలు లోపలినుంచి వేలితో తడిమింది, ఒక పక్క, మళ్ళీ రెండో పక్క. "కారం తింటారా?" అని అడిగింది చివరికి.

ఆయన నా వైపు చూశాడు. "శ్రమదినాలు మేడం. బంద్ చేసిన."

"అంతకు ముందు?"

గోడ మీద ఫ్యాను తిరుగుతోంది. ఆయన ఒళ్ళో చేతులు చూసుకున్నాడు. "దీపావళి కాడికెల్లి మండుతాంది," అన్నాడు.

చెంపల లోపల కండ తాళ్ళలా గట్టిపడిందని చెప్పింది ఆమె. ఇంకా క్యాన్సర్ కాదనిపిస్తోందనీ, అయినా చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలనీ, గుట్కా గానీ వట్టి పోక గానీ ఇంకెప్పుడూ నోట్లో పడకూడదనీ చెప్పింది. నలభై రోజులు కాదు, ఎప్పుడూ. ఆయన ప్రతి మాటకూ తల ఊపాడు, బడిలో పిల్లాడిలా.

ఆటోలో ఒక్కటే మాట అన్నాడు. "అమ్మకు చెప్పకు."

కానీ ఇంట్లో అడుగు పెట్టగానే అత్తమ్మ నా గదవ పట్టుకుంది. "ఏమన్నరే? చెప్పు."

"నాకేం లేదంట అత్తమ్మా."

"యేసయ్యా, నీకు స్తోత్రం!" అని చేతులెత్తింది. ఎత్తిన చేతులు దించకముందే కొడుకు ముఖం చూసింది. నేను దాయలేకపోయాను. కారం సంగతితో సహా చెప్పాను.

ఆమె అరుగు మీద కూర్చుంది. పింకి వచ్చి మెడ చుట్టూ చేతులు వేస్తే తీయలేదు, దగ్గరికీ తీసుకోలేదు. "నేను భక్తి అనుకుంటి," అంది.

శాలిని అక్క వచ్చి, నేను వింటుండగానే, ఆయనతో అంది: "సాక్ష్యం చెప్పినవ్ గదరా, మంటని గూడ చెప్తే ఏం పోయేది?" ఆయన, "అందరు మెచ్చుకునిరి అక్కా, ఇంకేం చెప్త?" అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

పరీక్ష ఫలితం కోసం ఎదురుచూసిన రోజులు నేను రాయలేను. శుభ శుక్రవారం ఆరాధనలో సిలువ మాటలు ఒక్కొక్కటి చదువుతుంటే నా పళ్ళు నాకు తెలియకుండానే గట్టిగా కలుసుకున్నాయి. అత్తమ్మ పక్కనుంచి మోచేత్తో పొడిచి, "పండ్లు," అని గొణిగింది. విడదీశాను. అట్లా రోజుకెన్నిసార్లు పొడిచిందో. పింకిని కూడా తన పక్కలోకి తీసుకుంది. నా దవడ నెమ్మదిగా మెత్తబడింది. మళ్ళీ పాటలో నా గొంతు వినబడుతోందని శాలిని అక్క చెప్పింది.

ఫలితం మంచిగానే వచ్చింది. క్యాన్సర్ లేదు. "ఇప్పటికి," అంది డాక్టరమ్మ. వారం వారం చెంపలో సూదులు వేస్తున్నారు, నోరు సాగే కసరత్తు నేర్పారు. ఆయన పొద్దున్నే చేస్తాడు. నొప్పికి కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. నేను చూడనట్టు పింకికి జడ వేస్తాను.

ఈస్టర్ రోజు బిర్యానీ చేశాం, ఆయనకు వేరే గిన్నెలో కారం లేకుండా. తిన్నాక ఎప్పటిలాగే లేచి వాకిట్లోకి పోయాడు. అత్తమ్మ, నేను ఇద్దరం చేతులు కడుక్కోకుండా అట్లాగే కూర్చున్నాం. కాసేపటికి వచ్చాడు. "ఎండ మస్తున్నది," అన్నాడు. మేము లేచి చేతులు కడుక్కున్నాం.

ఇప్పుడు మళ్ళీ పనికి పోతున్నాడు. ఇంట్లో ఉన్నంతసేపు ఆయన నోరు నాకు కనబడుతుంది. బస్సెక్కాక కనబడదు. మన్నాఏఖేళ్ళి రోడ్డు మీద ఏ డబ్బా కొట్టు చూసినా పొట్లాలు తోరణాల్లా వేలాడుతుంటాయి. డ్రైవర్లు టైరు మార్చేలోపు ఒకటి చింపి, మర్యాదకు ఆయనకూ ఒకటి చాపుతారు. ఆయన మొహమాటం నాకు తెలుసు. సాయంత్రం వచ్చినప్పుడు నోరు పుక్కిలించి వస్తాడు, అది కసరత్తు కోసమో ఇంకెందుకో అడగడానికి నాకు ధైర్యం లేదు.

మీరెవరైనా హైదరాబాదుకు పోతూ అక్కడ టీ తాగడానికి ఆగితే, లారీల టైర్ల దుకాణంలో సిలాసు అని ఒకాయన ఉంటాడు. పొట్టిగా, చామనచాయగా ఉంటాడు, పిలిస్తే వెంటనే వస్తాడు. ఏదో ఒకటి అడగండి, గాలి ఎంత పట్టాలనో, జహీరాబాద్ ఎంత దూరమనో. తిరిగి చూసి వెంటనే నోరు తెరిచి చెప్తే నాకదే చాలు. పక్కకు పోయి ఉమ్మి వచ్చి చెప్తే మాత్రం, ఆయనను ఏమీ అనొద్దు, దయచేసి అప్పుడే బండెక్కి వెళ్ళిపోవద్దు. కాసేపు ఆయనతో మాట్లాడుతూ నిలబడండి.